మా అమ్మాయి కాపలా కాసిన దిబ్బ

మా అమ్మాయి పోయిందండీ. మొన్న మాఘమాసంలో, రాజమండ్రి ఆసుపత్రిలో. జ్వరమని తీసుకెళ్తే ఊపిరితిత్తులకి నిమ్ము చేరిందన్నారు. వారం తిరక్కుండానే అయిపోయింది. నేను టీ తెచ్చుకుందామని కిందకి దిగాను. పైకొచ్చేసరికి మా మరిది మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. నా చేతిలో గ్లాసు తీసుకుని గోడవార పెట్టాడు.  

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, మా అమ్మాయికి ఈ భూమ్మీద ఒక గుర్తంటూ లేదు. మా సొంత చేలోనే దహనం చేశాం. ఆ చోట ఒక చిన్న సమాధి గట్టు, దానికి పేరు చెక్కిన పలక ఒకటి. నేను కోరుకున్నది అంతే. అదీ కట్టుకోలేకపోయాను. ఎందుకు కట్టుకోలేకపోయానో చెప్పాలంటే మా అమ్మాయి సంగతి చెప్పాలి, దాని సంగతి చెప్పాలంటే దిబ్బ సంగతి చెప్పాలి. ఐదో క్లాసుతో ఆగిపోయినదాన్ని, వరసగా రాయడం రాదు. గుర్తొచ్చినట్టు రాస్తాను.

మాది పెద్దాపురం ఇవతల మెట్ట ఊరు. గోదావరి జిల్లా అనగానే కాలవలూ వరిచేలూ అనుకుంటారు గానీ మాకు కాలవ నీళ్లు లేవు. ఎర్రమట్టి, వానాధారం. కర్రపెండలం వేసుకుంటాం, సగ్గుబియ్యం మిల్లులకి తోలుకుంటాం. మా చేనుని ఆనుకునే ఉంటుంది ఆ దిబ్బ. పాటిదిబ్బ అంటాం. చూడ్డానికి వచ్చినవాళ్లు ఇదేనా అంటారు. చేల మధ్య కాస్త ఎత్తుగా బూడిదరంగు మన్ను, నాలుగు తుమ్మచెట్లు, కాలితో గీకితే కుండపెంకులు. వేల ఏళ్ల కిందట, ఇనుము అంటే తెలియని రోజుల్లో, రాతిగొడ్డళ్లతో బతికిన జనం అక్కడ ఊరు కట్టుకుని ఉన్నారంట. గవర్నమెంటు వాళ్లు ఎప్పుడో ఒక పక్క తవ్వి చూశారు. ఇది రక్షిత స్థలం, పాడు చేస్తే శిక్ష అని నీలం బోర్డు పాతి వెళ్లారు. కంచె వెయ్యలేదు. ఇప్పటికీ వెయ్యలేదు.

కంచె లేదు కాబట్టి మా అమ్మాయిని పెట్టారు. కాంట్రాక్టు ఉద్యోగం.

మా ఊళ్లో వేసవి వచ్చిందంటే పాటిమన్ను తోలుకోవడం తాతల నాటి అలవాటు. అప్పటివాళ్ల పొయ్యి బూడిద, పశువుల పెంట, తిని పారేసిన ఎముకలు, అన్నీ కలిసి ఎరువైపోయిన మన్ను అది. ఒక లోడు పోస్తే చేను నల్లగా ఎదుగుతుంది. మా మామగారే ఎడ్లబండి మీద ఎంత తోలారో లెక్కలేదు. అదంతా ఎప్పుడో ఎర్రమట్టిలో కలిసిపోయింది గానీ, పెంకులు మాత్రం ఇప్పటికీ మా చేలో దుక్కికి లేస్తూనే ఉంటాయి. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల పోయి పోయి ఆ దిబ్బకి కాపలా చేరింది. ఊళ్లోవాళ్లకి ఎలా ఉంటుందో చెప్పండి.

ఒకరోజు నేను గట్టు మీద కూర్చుని గడ్డి కోస్తున్నాను. ట్రాక్టరు ఒకటి దిబ్బ పక్కకొచ్చి ఆగింది. మా అమ్మాయి గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని ఎదురెళ్లింది.

"నీకేం జీతం ఇస్తారో గానీ, ఈ దిబ్బేదో మీ తాత ఇచ్చిపోయినట్టు కాస్తన్నావేంటి?" అన్నాడు ట్రాక్టరు మీదున్నతను.

"మా తాత ఇచ్చిపోయినవాడు కాదు బాబాయ్, సగం తోలేసుకున్నవాడు. మిగిలిన సగమైనా ఉంచుదామని కాస్తన్నాను."

"ఒక్క లోడే అమ్మాయ్. నారుమడికి."

"అందరిదీ ఒక్క లోడే. మీ ముందు వచ్చినాయనదీ ఒక్క లోడే."

అతను తిట్టుకుంటూ వెనక్కి తిప్పుకున్నాడు. ఆ సాయంత్రం వాళ్లావిడ మా ఇంటి ముందునుంచి పోతూ నాతో పలకలేదు. ఇలా పలకడం మానేసినవాళ్లు ఒక్కొక్కరే పెరిగారు. మా అమ్మాయికి అది పట్టేది కాదు. పట్టింది నాకు. పెళ్లి పేరంటాలకి వెళ్లేది నేను కదా.

పొద్దున్నే టీ తాగి వాళ్ల నాన్న చెప్పులు వేసుకుని బయల్దేరేది. ఆయన పోయి చాలా కాలమైంది. దీని పాదానికి ఆ చెప్పులు పెద్దవి, టపటపా కొట్టుకునేవి. కొత్తవి కొనుక్కోవే అంటే, "వీటిలోకి ముల్లు దిగదమ్మా" అనేది. దిబ్బ చుట్టూ తిరిగి, జనం పారేసిన బిస్కెట్ కాయితాలు, మందు సీసాలు ఏరి గోనెసంచిలో వేసేది. వాన వెలిసిన పొద్దున ఇక తిండి ధ్యాస ఉండేది కాదు. వానకి మన్ను కొట్టుకుపోయి పెంకులు పైకి తేలతాయి. ఒక్కొక్కదాని దగ్గరా వంగి చూసేది. తీసేది కాదు.

"తీసి దాచొచ్చు కదే, ఎవడైనా తొక్కేస్తాడు" అన్నాను ఒకసారి.

"ఎక్కడిది అక్కడ ఉంటేనేనమ్మా దానికి విలువ. ఏ పొరలో ఉంది, పక్కన ఏముంది, అదంతా కలిపితేనే ఒక మాట అవుతుంది. చేతిలోకి తీసేస్తే ఉత్త పెంకు."

ఆ పిచ్చి ఇంట్లోకీ తెచ్చింది. నేను ఉప్పుజాడీ పొయ్యికి ఇటు పక్కనుంచి అటు జరిపితే ఒప్పుకునేది కాదు.

"ఇదేమన్నా రాతియుగం కొంపా?" అనేదాన్ని.

"వాళ్లే నయం. పొయ్యి పెట్టిన చోటే తరాలకి తరాలు పొయ్యి పెట్టుకున్నారు. నువ్వు వారానికోసారి వంటిల్లు తిరగేస్తావు."

మా అత్తగారి నాటి పిడుగురాయి ఒకటి ఉండేది మా పశువుల పాకలో. నున్నగా, నల్లగా, ఒక వైపు పదునుగా ఉండే రాయి. పిడుగు పడిన చోట దొరుకుతుందని మా నమ్మకం. ఆవుకి పొదుగు వాస్తే ఆ రాయి కడిగిన నీళ్లు పోసేది మా అత్తగారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అమ్మాయి దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇది పిడుగూ కాదు గిడుగూ కాదు. గొడ్డలి. దిబ్బ మీదనుంచి తాతయ్య బండిలో వచ్చేసుంటుంది."

"ఏదైతే ఏంటి, మన ఇంట్లో ఉందిగా."

"మనది కాదు కదమ్మా."

మర్నాడు వాళ్ల పురావస్తు ఆఫీసు సారుకి ఇచ్చేసింది. పాకలో ఆ గూడు ఖాళీగా చూసి నాకు ఒళ్లు మండిపోయింది. మీ నాయనమ్మ వస్తువు, నన్ను ఒక్క మాట అడగొద్దా అని రెండు రోజులు దానితో మాట్లాడలేదు. మూడో రోజు అదే వచ్చి నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నాయనమ్మ ఆవులన్నీ బతికాయా అమ్మా ఆ నీళ్లతో?" అంది. కొన్ని బతికాయి అన్నాను. "కొన్ని రాయి లేకపోయినా బతుకుతాయిలే" అంది. నాకు నవ్వొచ్చింది, కోపం మాత్రం అలాగే ఉంది.

ఇంకా కోపం వచ్చింది బోరు విషయంలో. అందరి చేలల్లో బోర్లు పడుతుంటే మనమూ వేయిద్దామన్నాను. దిబ్బ చుట్టూ వంద మీటర్లలో ఏమీ తవ్వకూడదు, ఏమీ కట్టకూడదు అంది. మా చేను మొత్తం ఆ లోపలే ఉంది. మా మరిది కూడా చెప్పి చూశాడు. చిన్నప్పటినుంచీ దాన్ని ఎత్తుకు తిప్పినవాడు.

"ఎవడొచ్చి కొలుస్తాడే? కాపలా ఉన్నది నువ్వే కదా. నువ్వు కళ్లు మూసుకుంటే చాలు."

"అందుకే బాబాయ్. మా ఇంటికే మూసుకుంటే ఇంకెవరి దగ్గర తెరుస్తాను?"

సొంత భూమిలో బోరు వేసుకోడానికి సొంత కూతురు ఒప్పుకోలేదండీ. ఆ ఏడు వానలు మోసం చేసి పెండలం దుంపలు వేళ్లంత ఊరాయి. మిల్లువాడు లోడు చూసి, "ఇవి దుంపలా అండీ, ములక్కాడలా?" అన్నాడు. ఆ మాట నేను ఇంటికొచ్చి దీనికి చెప్పాను, బాధపడాలనే చెప్పాను. అది తల దించుకుని అన్నం కలుపుకుంటూనే ఉంది, తినలేదు.

కంచె కోసం అది తిరగని తిరుగుడు లేదు. ఏటా సారు వచ్చేవారు. మంచాయనే. దిబ్బ ఎక్కి ఫోటోలు తీసుకునేవారు, కొత్తగా పడిన గోతులు చూసి నొచ్చుకునేవారు. వచ్చే బడ్జెట్‌లో తప్పకుండా పెడదామమ్మా అనేవారు. ఒకసారి నేను గట్టు మీదనుంచే, "ఆ బడ్జెట్టు వచ్చేలోపు దిబ్బ మా ఊళ్లోవాళ్ల నారుమళ్లలోకి వెళ్లిపోద్దండి" అన్నాను. ఆయన నవ్వారు. కొబ్బరిబోండం తాగి వెళ్లారు. ఆయన వెళ్లాక మా అమ్మాయి నా మీద ఎగిరింది. "సారు మాత్రం ఏం చేస్తారమ్మా. ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఆయన కింద. జీపు ఒక్కటే." నాకు అదే విసుగు. సారు ఏం చేస్తారు, ఆయన పైవాళ్లు ఏం చేస్తారు, ఆ పైన ఉన్నవాళ్లు ఏం చేస్తారు. ఎవరూ ఏమీ చెయ్యలేనప్పుడు ఆ ఎండలో నువ్వొక్కదానివే ఏం చేస్తావే అని అడిగితే, "నేను ఉంటాను" అనేది. అంతే దాని సమాధానం.

ఒక రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. "అమ్మా, ఆ దిబ్బ జనానికీ ప్రహరీ లేదంట. తవ్విన వాళ్లు వెతికారంట. గోడ లేదు, కందకం లేదు, కంప పాతిన గుంటల జాడైనా లేదు."

"ఏం, అప్పుడు దొంగలు లేరా?"

"ఉండే ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్ల మీద నమ్మకం ఏమో."

"నమ్మకం. అందుకే ఇప్పుడు ఒక్కళ్లూ లేరు."

అది పొలమారేదాకా నవ్వింది. ఇప్పటికీ అన్నం వడ్డించుకుంటుంటే ఆ నవ్వు వినిపిస్తుంది, చెయ్యి ఆగిపోతుంది.

సరే, అది పోయింది. కొరివి మా మరిదే పెట్టాడు. పెద్దకర్మ అయ్యాక సమాధి మాట వచ్చింది. మా వైపు చేలల్లో అలా కట్టుకోవడం ఉంది. వాళ్ల నాన్నది శ్మశానంలో అయిపోయింది గానీ, దీన్ని చేలోనే ఉంచుకుందామని నేనే పట్టుబట్టాను. రోజూ కనపడుతుందని. ఆ చోటు దిబ్బకి ఎంత దగ్గరంటే, గట్టిగా పిలిస్తే వినపడేంత. అప్పుడు నాకు వంద మీటర్ల సంగతి గుర్తు రాలేదు. ఎలా గుర్తొస్తుందండీ.

తరవాత గుర్తొచ్చింది. సారుకి ఫోన్ చేశాను. సమాధి కట్టుకోవచ్చా అని అడిగాను.

"చట్టం ఒప్పుకోదమ్మా. చిన్న గట్టైనా కట్టడమే అవుతుంది. మీ అమ్మాయి విషయంలో ఇలా చెప్పాల్సి రావడం నాకూ బాధగానే ఉంది."

"కంచె వెయ్యడానికి ఒప్పుకుంటుందాండీ చట్టం?"

"ఫైలు పైన ఉందమ్మా."

"ఉండనివ్వండి" అని పెట్టేశాను. నా బిడ్డ పేరు మీద నాలుగు ఇటుకలు పెట్టుకోడానికి చట్టం అడ్డం వస్తుంది. ట్రాక్టర్లు వచ్చి దిబ్బని కొరుక్కుపోతుంటే మాత్రం ఆ చట్టం ఎక్కడ పడుకుంటుందో నాకు తెలియదు. మా అమ్మాయి స్థానంలో ఇంకొకళ్లని ఇంతవరకూ వెయ్యలేదు కూడా.

మా మరిదికి ఇదంతా చెప్పాను. విని, "వాళ్లెవరు వదినా చెప్పడానికి. మన చేను, మన పిల్ల" అన్నాడు. మూడు రోజులు కనపడలేదు. తన ట్రాక్టరు మీద మండపేట మిల్లులకి లోడు తోలడానికి వెళ్లాడనుకున్నాను. నాలుగో రోజు పొద్దున్నే చేలోంచి ట్రాక్టరు చప్పుడు వినపడి వెళ్లాను. ట్రాక్టరు వెనక ట్రక్కు నిండా మన్ను. పక్కన ఇటుకలు, రెండు సిమెంటు బస్తాలు, మేస్త్రి. నన్ను చూసి మా మరిది చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు, బాగుందా వదినా అన్నట్టు.

నేను మన్ను వంక చూశాను. మా చేను మన్ను ఎరుపు. అది బూడిద రంగు. మధ్యలో పెంకులు.

"ఎక్కడిదయ్యా ఈ మన్ను?"

"దిబ్బదే వదినా. దానికి దిబ్బంటే ప్రాణం కదా. ఎక్కడిదో మన్ను ఎందుకు, దాని దిబ్బ మన్నే దాని మీద ఉంటే బాగుంటుందని నిన్న సాయంత్రం నేనే స్వయంగా తవ్వాను. ఇందులో తులసి వేస్తే ఎలా లేస్తుందో చూడు."

చూడండి. ఊళ్లోవాళ్లందరినీ ఇన్నేళ్లు ఆపింది. చివరికి దాన్ని ఎత్తుకు పెంచిన బాబాయే, దాని మీద ప్రేమతో, ఆ దిబ్బని తవ్వి ట్రక్కు నింపుకొచ్చాడు. నేను ఏమన్నానో నాకు పూర్తిగా గుర్తు లేదు. అనకూడని మాటలు అన్నాను. ట్రక్కు తలుపు పట్టుకుని ఊపాను. మేస్త్రి ఇటుక చేత్తో పట్టుకుని, "దింపమంటారా అండీ, ఉంచమంటారా?" అని ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు.

"తీసుకుపో ఇదంతా" అన్నాను.

"ఇన్నాళ్లూ దాని మాట విన్నాం వదినా. బోరు వద్దంది, మానుకున్నాం. పోయాక కూడా వినాలా?"

"పోయింది కాబట్టే వినాలి. ఉంటే అదే చెప్పుకునేది."

మా మరిది కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "సరే, మళ్లీ దిబ్బ మీదే పోసేస్తాను" అన్నాడు. పోసినా అది మళ్లీ దిబ్బ అవదు. మా అమ్మాయి ఎన్నిసార్లు చెప్పిందో. పొరలు కలిసిపోయాక అది మన్నుకుప్ప. సారుకి ఫోన్ చేస్తే, తవ్విన చోటే కింద విడిగా పోయించమ్మా, ఎవరూ ముట్టుకోకుండా చూడు, మేం వచ్చి చూస్తాం అన్నారు. పోయించాను. దిబ్బ పక్కన గాటు పడ్డ చోట అది అలాగే ఉంది. ఇంతవరకూ ఎవరూ వచ్చి చూడలేదు. మేకలు ఎక్కి దిగుతున్నాయి. తోలి తోలి నా గొంతు పోతోంది.

ఇటుకలు మా మరిది తీసుకుపోయాడు. ఆ రోజునుంచి నాతో మాట్లాడటం మానేశాడు. ఊళ్లో ఆడవాళ్లు అనుకుంటున్నారంట, కన్నకూతురికి నాలుగు ఇటుకలు పడనివ్వలేదు, గుండె కాదు రాయి అని. కట్టేసుంటే ఎవడూ వచ్చి పగలగొట్టేవాడు కాదని నాకూ తెలుసు. రోజూ అనుకుంటాను, కట్టేసుకుంటే పోయేదని. మళ్లీ మర్నాడు కట్టను. దాని మీద ప్రేమ అని చెప్పలేను. దాని మీద కోపం కూడా. ఉన్నన్నాళ్లూ నా మాట ఒక్కటి నెగ్గనివ్వలేదు, పోయాక కూడా నెగ్గనివ్వడం లేదు.

ఆ దిబ్బ జనం గురించి అది చెప్పిన సంగతి ఒకటి ఇప్పుడు నన్ను పట్టుకుంది. పసిపిల్లలు పోతే వాళ్లని కుండలో పెట్టి ఇంట్లోనే, నేల కింద, పూడ్చుకునేవాళ్లంట. తవ్వినప్పుడు బయటపడ్డాయంట. "ఛీ, అన్నం తినే చోటా, పడుకునే చోటా?" అన్నాను అప్పుడు. "మరి ఎక్కడికి పంపుతారమ్మా అంత చిన్నవాళ్లని?" అంది. ఆ తల్లికి చట్టం లేదు, బోర్డు లేదు. పిల్లని తన చాప కింద దాచుకుని ఆ పైనే పడుకుంది. ఆవిడ చేసుకున్న పని ఇన్ని వేల ఏళ్లయినా చెదరకూడదని నా బిడ్డ ఎండలో నిలబడింది. నా బిడ్డకి మాత్రం నేను ఏమీ చేసుకోకూడదు. ఇది న్యాయమా అని ఎవరిని అడగాలో తెలియక మీకు రాస్తున్నాను.

తొలకరి పడింది. పెండలం పుల్లలు నాటాలి, దుక్కి చెయ్యాలి. ట్రాక్టరు ఎవరిని అడగాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున నేను వెళ్లేసరికి మా మరిది అప్పటికే చేలో దున్నుతున్నాడు. పిలవకుండానే వచ్చాడు. నా వైపు చూడలేదు. నేను గట్టు మీద నిలబడ్డాను.

దుక్కి ఒక్కో సాలూ మా అమ్మాయిని దహనం చేసిన మూలకి దగ్గరవుతుంటే నేనూ గట్టు వెంబడి అటే నడిచాను. గాలికీ వానకీ బూడిద కొట్టుకుపోయింది. ఫలానా చోటని చెప్పడానికి అక్కడ ఒక రాయైనా పెట్టుకోలేదు కదా నేను. పిలిచినా ఆ ఇంజను మోతలో వినపడదు. ఆ చోటికి వచ్చేసరికి ట్రాక్టరు నెమ్మదించింది. వెనక గొర్రు పైకి లేచింది. పక్కకి తిరిగి, చుట్టి వెళ్లి, అవతల మళ్లీ గొర్రు దించాడు. వచ్చిన ప్రతి సాలుకీ అలాగే లేపాడు, అలాగే దించాడు. పని అయ్యాక నేను తెచ్చిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు చేనంతా ఎర్రగా, వదులుగా దున్ని ఉంది. ఆ మూల ఒక మంచం పట్టేంత చోటు మాత్రం గట్టిగా, తొలకరికి లేచిన గరికతో అలాగే ఉంది. సంగతి తెలియనివాళ్లు దారిన పోతూ చూస్తే దున్నడం మర్చిపోయారనుకుంటారు.